చుక్క పెట్టిన చోట

చుక్కల భూమి అంటే ఏమిటని పట్నంవాళ్లు అడుగుతుంటారు. తెల్లదొరల కాలంలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే ఆర్‌ఎస్‌ఆర్, రాసేటప్పుడు నేల ఎవరిదో తేలకపోతే పట్టాదారు గడిలో పేరుకు బదులు చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కల వల్లే తర్వాత ఎన్నో పొలాలు రిజిస్ట్రేషన్ల 22ఏ నిషేధిత జాబితాకెక్కాయి. తాతలనాటి నుంచి దున్నుకుంటున్నవాడు కూడా అమ్ముకోలేకపోయేవాడు, బ్యాంకులో తాకట్టు పెట్టలేకపోయేవాడు. 2017లో దీనికోసం ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

కలకడ చుట్టుపక్కల ఎవరైనా సర్వే నంబరు చెప్పి సాయం అడిగితే వాళ్లతో కచేరీకి పోతాను. ఆర్‌ఎస్‌ఆర్ కట్ట విప్పాక పెళుసెక్కిన పుటను వేళ్లతో లాగకూడదు, కింద అరచెయ్యి ఆనించి తిప్పాలి. పేరు కనబడగానే నమ్మేయకూడదు. విస్తీర్ణం, శిస్తు, పక్క నంబర్లు అన్నీ సరిచూడాలి. అంతా కుదిరి, ‘మీ జేజినాయన పేరే’ అని చెప్తే ఎదుటి మనిషి ముఖం తేటపడుతుంది. ఆ రాత్రి ఆ ఇంట్లో నిద్ర పడుతుంది.

మా వాయల్పాడు, మదనపల్లె తాలూకాలు 1911 దాకా కడప జిల్లావి, ఆ తర్వాత చిత్తూరువి; 2022లో ఈ ప్రాంతం అన్నమయ్య జిల్లాలో కలిసింది. జనం ఉన్నచోటే ఉన్నారు, కచేరీలే మారాయి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి పాత కాగితాల్లో చాలావాటి కోసం ఇప్పటికీ చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కు పోవాల్సిందే.

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయం కాలింది. భూముల ఫైళ్లు బూడిదయ్యాయి. కుట్ర ఉందన్న అనుమానంతో కేసు సీఐడీకి వెళ్లింది. తప్పు ఎవరిదో దర్యాప్తు తేలుస్తుంది. కానీ ఏ కాగితమైనా ఒకే ప్రతిగా, ఒకే గదిలో ఉండటమే నాకు మింగుడుపడని సంగతి.

జాగ్రత్తగా రాసిపెట్టుకుంటే ఏమవుతుందో చెప్పే ఆరోగ్యవరం కూడా అదే మదనపల్లె పక్కన ఉంది. 1950ల్లో అక్కడి శానిటోరియం నుంచి డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ బృందం చుట్టుపక్కల పల్లెల్లో క్షయ సర్వే చేసింది. ఎవరిని పరీక్షించారో పేరుపేరునా రాసిపెట్టుకోబట్టే మళ్లీ వాళ్ల దగ్గరికే పోయి చూడగలిగారు. ఆ అధ్యయనం ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికకెక్కింది. మన పల్లెల రోగం లెక్క ప్రపంచానికి పనికొచ్చింది.

అందుకే మిగిలిన ఆర్‌ఎస్‌ఆర్ పుటలన్నీ స్కాన్ చేసి, ఒక ప్రతిని వేరే ఊళ్లో దాచాలి. మండల కచేరీలో ఒక బల్ల వేసి, చదివి చెప్పే మనిషిని పెట్టాలి. ఎవరి సిఫారసూ లేకుండా రైతు కూర్చొని తన పుట తాను చూసుకోవాలి. ఇళ్లల్లో ట్రంకుపెట్టెల అడుగున పడివున్న శిస్తు రసీదులను కూడా అక్కడే స్కాన్ చేసి, అసలు కాగితాన్ని అప్పటికప్పుడే వాళ్ల చేతికిచ్చేయాలి.