పదునెనిమిదవ మినహాయింపు

ఆరోగ్యబీమా పత్రమును ఆసాంతము చదువు అలవాటు మనలో చాలమందికి లేదు. చిక్కడపల్లిలో నివసించు నా మిత్రుడొకడు, తన కోడలు గర్భవతియైన పిమ్మట, బీరువాలోని పాలసీని వెలికి తీసి, ఏమి వ్రాసియున్నదో చెప్పుమని నా చేతికిచ్చెను. నాలుగేండ్లుగా ప్రీమియము తప్పక కట్టుచున్న కుటుంబము. పత్రములో 'ఎక్స్‌సీఎల్ 18' అను సంకేతము క్రింద ప్రసూతి వ్యయము చెల్లింపబడదని స్పష్టముగా ఉన్నది.

ఇది ఏ ఒక్క కంపెనీయో కల్పించిన వాక్యము కాదు. భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2019లో మినహాయింపుల భాషను దేశమంతటికిని ఒకటిగా స్థిరపరచినది. ఆ సంస్థ కార్యాలయము చాలకాలము నారాయణగూడకు కూతవేటు దూరముననే, బషీర్‌బాగ్‌లోని పరిశ్రమ భవనములో ఉండెడిది. ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉన్నది. ఆరోగ్యబీమా అమ్ము కంపెనీలన్నియు విధిగా అందింపవలెనని 2020లో ఆ సంస్థయే ప్రవేశపెట్టిన 'ఆరోగ్య సంజీవని' పాలసీలో సైతము ప్రసూతికి చోటు లేదు. కంపెనీ ఇష్టపడినచో ప్రసూతి రక్షణను అమ్మవచ్చును. అమ్మితీరవలెనను నిర్బంధము మాత్రము లేదు.

ఆ మినహాయింపును వైద్యశాస్త్ర దృష్టితో చదివినచో ఒక వింత గోచరించును. కాన్పు, కష్టమైన కాన్పు, సిజేరియన్ శస్త్రచికిత్స: వీనికి సొమ్ము రాదు. గర్భాశయమునకు వెలుపల నిలిచిన గర్భమునకు మాత్రము వచ్చును. ఫలదీకరణము చెందిన అండము గర్భాశయమును చేరక, సామాన్యముగా అండవాహికలోనే పాతుకొనును. పెరిగిన కొలది ఆ నాళము చిట్లి కడుపులో రక్తస్రావమగును. ప్రాణాపాయము కనుక బీమా చెల్లించుట న్యాయమే. అయితే కాన్పు తరువాత గర్భాశయము గట్టిగా ముడుచుకొనక, రక్తము ధారగా పోవు స్థితియు కలదు. ప్రపంచములో తల్లుల మరణములకు ముఖ్య కారణములలో ఇది ముందున్నది. రెంటను రక్తస్రావమే, రెండును చెప్పి రావు, రెంటిని ఎవరును కోరుకొనరు. ఒకదానికి డబ్బు, మరియొకదానికి లేదు!

గర్భస్రావము సంగతి మరింత విచిత్రము. ప్రమాదమువలన జరిగినచో చెల్లింతురట. తొలి మూడు మాసములలో జరుగు గర్భస్రావములలో సుమారు సగము క్రోమోజోముల లోపమువలన కలుగునవి. కణవిభజనలో దొరలిన ఆ పొరపాటు ప్రమాదము కాదా? పత్రము వ్రాసినవారికి ప్రమాదమనగా మెట్లపై జారిపడుట మాత్రమే కాబోలు.

బీమావారి వాదము తోసివేయదగినది కాదు. బీమా అనిశ్చితమైన నష్టమునకు గాని, తలచి చేసికొను కార్యమునకు కాదని వారందురు. ఐచ్ఛికముగా అమ్మినచో బిడ్డ కావలెనని అనుకొన్నవారే కొందురు, సొమ్ము రాబట్టుకొని విడిచిపోవుదురు. అందుచేతనే ఈ రక్షణను అమ్ము కంపెనీలు తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్ల వరకు నిరీక్షణ కాలము పెట్టుట కలదు. కాని ఈ వాదమే నిర్బంధమునకు బలము. కొందరే కొనుటవలన వచ్చిన చిక్కు, భారమును అందరిపైన పంచినచో తొలగును. అమెరికాలో 1978 నాటి చట్టము ఉద్యోగుల పథకములలో గర్భమును ఇతర రుగ్మతలతో సమానముగా చూడవలెనన్నది. విడిగా కొను పాలసీలలో ప్రసూతి 2014 నుండి తప్పనిసరియైనది. మన కార్మిక రాజ్య బీమా చట్టము 1948లోనే ఆ మార్గము త్రొక్కినది. అయితే అది సామాన్యముగా పదిమందియైనను పనిచేయు చోట్లకే, అదియు జీతము ఒక పరిమితికి లోబడిన వారికే వర్తించును. చిక్కడపల్లి బజారులో నలుగురు పనిచేయు బట్టల దుకాణము దానిలోనికి రాదు. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి పోటీపరీక్షలకు చదువు వివాహితకు యజమానియే లేడు, ఇక సామూహిక పాలసీ ఎక్కడిది?

నిర్బంధము కావలెననియే నా అభిప్రాయము. కాని ఒక భయము లేకపోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్‌లు. ప్రైవేటు ఆసుపత్రులలో 81.5. జనాభా మొత్తముమీద నూటికి పది దాటిన పిమ్మట ఈ శస్త్రచికిత్స పెరుగుటవలన మరణములు తగ్గినట్లు కానరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించినది. ఇప్పుడు ప్రసూతి రక్షణ ఇచ్చు పాలసీలు పెక్కింటిలో మామూలు కాన్పుకు తక్కువ, కోతకు ఎక్కువ పరిమితి ఉన్నది. ఆ పట్టికనే అందరికి నిర్బంధించినచో కత్తికి పదును పెట్టినట్లే. కాన్పు ఏ విధముగా జరిగినను ఒకే మొత్తము చెల్లించి, ఉపద్రవములకు వేరుగా ఖర్చు భరించుట మేలు. రక్తపోటు, హిమోగ్లోబిన్, మూత్ర పరీక్షలను కూడ చేర్చవలెను. ఆసుపత్రిలో పడక ఎక్కనిదే పైసా రాదను సూత్రము గర్భిణి విషయమున పనికిరాదు. దేశములో గర్భిణులలో సగమునకు పైగా రక్తహీనులని ఆ సర్వేయే చెప్పుచున్నది.

మిత్రుని కోడలు సుల్తాన్‌బజారులోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో పేరు నమోదు చేయించుకొన్నది. పాలసీ ప్రీమియము గడువు వచ్చు నెలలో ఉన్నదట.