వాట్లును వీనులును

గడచిన ఆదివారమునాడు మా మేనల్లునితో కోఠిలోని గుజరాతీ గల్లీకి పోయినప్పుడు, కంప్యూటరునకు తగిలించుకొను ఒక స్పీకర్ల జతయొక్క అట్టపెట్టెపై, పసుపుపచ్చని నక్షత్రము నడుమ, బొటనవ్రేలంతటి అక్షరములతో “12,000 వాట్లు, పి.ఎం.పి.ఓ.” అని అచ్చువేసియుండుట చూచి నాకు కలిగిన కోపము, ఈ శీర్షికను వారము వారము ఓర్పుతో చదువుచున్న మిత్రులకు వింత గొలుపదు, అచ్చులో అబద్ధము కనబడినచో నా రక్తపుపోటు పెరుగునని వారెరుగుదురు. అదే పెట్టె అడుగున నున్న అడాప్టరును తీసి, అద్దములు సవరించుకొని చూచితిని గదా, దాని వీపుపై “12 వోల్టులు, 2 ఆంపియర్లు” అని యున్నది. గుణించిన 24. లోనికి 24 వాట్లు పోవు యంత్రమునుండి బయటికి 12,000 ఎట్లు వచ్చునో చెప్పుమని దుకాణదారు నడిగితిని. ఆయన నావైపు జాలిగా చూచి, “అది పీక్ పవర్ సార్, మ్యూజిక్ పెట్టినప్పుడు ఒస్తది” అనెను. మావాడు నా మోచేయి పట్టి బయటికి లాగెను.

పి.ఎం.పి.ఓ. అనునది ఎవ్వరును నిర్ణయింపని, ఎవ్వరికిని జవాబు చెప్పనక్కరలేని కొలత. కొనువాడు చూడవలసినది ఆర్.ఎం.ఎస్. అని వ్రాసిన అంకె, అనగా ఎడతెగక ఇయ్యగల శక్తి. అదియు రెండు పెట్టెలకు కలిపియా, ఒక్కొక్కదానికా అని అడిగి తెలిసికొనవలెను. అదియైనను, వాట్లు రెట్టింపైనచో ధ్వని రెట్టింపగునని భ్రమపడరాదు. రెట్టింపు వాట్లకు పెరుగునది 3 డెసిబెల్లు మాత్రమే. చెవికి రెండింతలుగా తోచవలెనన్న సుమారు 10 డెసిబెల్లు, అనగా పదింతల వాట్లు కావలెను. కావున 20 వాట్ల జతను కాదని 30 వాట్ల జతకై వెయ్యి రూపాయలు అధికముగా ఇచ్చువాడు ఆ వెయ్యిని వినలేడు.

ఈ సంగతి నాకు భౌతికశాస్త్రపు పుస్తకములవలన గాక, మా ఊరి మైకుసెట్టాయనవలన తెలిసినది. కాలువగట్టుననున్న మా ఊరిలో పెండ్లియైనను, శ్రీరామనవమి పందిరియైనను, ముందునాటి సాయంకాలమున ఆయన సైకిలు వెనుక రెండు రేకుబాకాలు కట్టుకొని, ముందు ఒక చెక్కపెట్టెలో గ్రామఫోనును ఆంప్లిఫయరును పెట్టుకొని వచ్చెడివాడు. కారుబ్యాటరీని నెత్తిన మోసికొని ఒక కుర్రవాడు వెంట నడచెడివాడు. ఆ ఆంప్లిఫయరు శక్తి 25 వాట్లు. ఆ 25 వాట్లతోనే ఘంటసాల గొంతు కాలువ దాటి, వరిచేలు దాటి, అవతలి ఊరి రచ్చబండ వరకు పోయెడిది. మనము ఇంటిలో వాడుకొను పెట్టెస్పీకరు 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనువారు ప్రకటించిన పద్ధతిలోనే నేటికిని పనిచేయుచున్నది: అయస్కాంతము నడుమ తీగచుట్ట కదలును, దానికంటిన కాగితపు గరాటు గాలిని నెట్టును, కాని గాలి మిక్కిలి తేలిక, గరాటుకు పట్టు దొరకదు, పోసిన విద్యుత్తులో నూటికి ఒకటి రెండు వంతులు ధ్వనియగుటయే గొప్ప, తక్కినదంతయు తీగచుట్టలో వేడియై పోవును. బాకాలోనో, సన్నని గొంతులో బిగిసియున్న గాలికి పొర తగిలి, క్రమక్రమముగా వెడల్పగుచున్న రేకుదారి వెంట ఆ ఒత్తిడి బయటి గాలికి చేరును గనుక, వృథాయగునది అంతకంటె తక్కువ.

ఆయన పనితీరును నేను గంటల తరబడి నిలువబడి చూచెడివాడను. కుర్రవాడు కొబ్బరిచెట్టెక్కి బాకాను కట్టిన పిదప, ఆయన ఒక ప్లేటు పెట్టి, ముల్లు దించి, పాట మొదలు కాగానే వీధివెంట చెరువువైపు నడచిపోయెడివాడు. చివరి ఇంటివద్ద ఆగి, తల ఒకవైపు వంచి, ఒక్క చరణము విని, తిరిగి వచ్చి చెట్టుక్రిందనుండి కేక వేసెడివాడు: “ఒరేయ్, గుడి గోడకి కొట్టుకుంటోందిరా, మాట ముద్దైపోతోంది, కాస్త చెరువుకేసి తిప్పు!” జానెడు త్రిప్పుట, మరల నడచుట, మరల వినుట. పెండ్లివారు పంపిన కాఫీ ఈలోపల గట్టుమీద చల్లారిపోయెడిది. ఆంప్లిఫయరు గుండీని ఆయన ముట్టుకొనగా నేను చూడలేదు. మాట స్పష్టము కానిచో ఆయన సవరించునది బాకా నిలిచిన చోటును, దాని ముఖమును మాత్రమే. స్పీకరును ఎన్ని వేలకు కొంటిమని చెప్పుకొని, దానిని గోడమూలలో, బీరువామీద, పాత క్యాలెండర్ల నడుమ ఎక్కించువారిని చూచినప్పుడెల్ల నాకు ఆయన జ్ఞప్తికి వచ్చుచుండును.

అట్లని ఆ బాకాలో సంగీతమంతయు నుండెనని నేననను. అది మాటను మోసెడిదేగాని మృదంగమును మోసెడిది కాదు. కుడివైపు టకటక మాత్రము మిగిలి, రవ్వముద్ద మెత్తిన ఎడమవైపు తొప్పి నాదము బొత్తిగా లోపించెడిది. లోతైన నాదమును పలుకవలెనన్న బాకా ఇంకను ఎంతయో పొడవై, దాని నోరు ఎంతయో వెడల్పై యుండవలెను. అంతటిదానిని కొబ్బరిచెట్టు మోయజాలదు.

గల్లీలోనికి తిరిగి వత్తము. అక్కడ వినిపించునది ఎల్లప్పుడు నేల అదరు దరువుగల సినిమాపాటయే. అది విని స్పీకరు నెన్నుకొనుట తగదు. మొదట పాట గాక, పరిచితమైన ఒక మగవాని మాట వినవలెను. ఆకాశవాణి వార్తలైనను చాలును. ఆయన కడవలో తల దూర్చి చదువుచున్నట్లు తోచినచో, పెట్టె గోడలే మ్రోగుచున్నవని అర్థము. పిదప తంబుర: తీగలను మోయు ‘గుఱ్ఱము’మీద తీగక్రింద దూర్చిన నూలుపోగువలన పుట్టు ఆ సూక్ష్మమైన ఝంకారము పొరలు పొరలుగా విచ్చుకొనుచున్నదా, ఒక్క జీరగా మిగిలినదా? కడపట మృదంగము. 2.1 అని అమ్ముచున్న చౌకసెట్లలో బల్లక్రింద పెట్టు వూఫరు, తొప్పి ఎన్ని విధముల పలికినను, తాను ఒక్క శ్రుతిలోనే “బుం” అనును. ఐదువేల రూపాయలను మూడు పెట్టెలకు పంచుటకంటె రెండు పెట్టెలకు పంచుట మేలని నేనీ శీర్షికలో ఎన్నిసార్లు వ్రాసితినో లెక్క లేదు.

ఇంతకంటె చెవియే పరమప్రమాణమని చెప్పి ఊరకుండుట సుఖముగా నుండెడిది. కాని దుకాణములో చెవిని మోసగించుటకంటె తేలికైన పని లేదు. రెండు జతలలో ఒకదానిని రవ్వంత హెచ్చుగా పెట్టినచో, వినువాడు “ఇదే బాగున్నది” అనునేగాని “ఇది బిగ్గరగా నున్నది” అనడు. ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లోనే చూపినట్లు, ధ్వని తగ్గినకొలదియు మన చెవికి మంద్రనాదములు మరింతగా వినరాకుండ పోవును. గల్లీ రొదలో గంభీరముగా మ్రోగినది, ఇంటిలో రాత్రివేళ తగ్గించి పెట్టగనే పలుచబడును. కంటి సంగతి అంతకంటె అన్యాయము. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఓలివ్ అనువారు 1994లో ప్రకటించిన ప్రయోగమున, స్పీకర్లను చూచుచు విన్న శ్రోతలు పెద్దవానికి, ఖరీదైనవానికి మార్కులు పెంచిరి, చిన్నదానికి తగ్గించిరి; తెర అడ్డుపెట్టి వినిపించినప్పుడు ఆ భేదములు చాలవరకు కరగిపోయినవి.

ఇక మావాని గది. మియాపూరులో ముగ్గురు కలిసియుండు ఫ్లాటులో, నున్నని పలకలు పరచిన, ఒక గోడ పూర్తిగా గాజుకిటికీయైన, పదకొండడుగుల గది అది. చప్పట్లు చరచి చూచితిని, కంచు మ్రోగినట్లయినది. అంత పొడవుగల గదిలో సుమారు 50 హెర్ట్జుల నాదము గోడకును గోడకును నడుమ నిలిచి ఉబ్బును. ఎంతటి స్పీకరు తెచ్చినను ఆ గది తన “బుం” తాను కలుపును. పెట్టెలను గోడకు జానెడు ఎడముగా, చెవి ఎత్తున, తనతో కలిపి సమత్రిభుజమగునట్లు పెట్టుకొమ్మని, కిటికీకి మందపు తెర వేయుమని చెప్పవచ్చును. దానికి పెద్ద ఖర్చు లేదు. కాని వాడు సంగీతము వినునది రాత్రి పదింటి తరువాత. గోడ కవతల రాత్రిపాళీ ఉద్యోగము లేని ఒక సంసారి నిద్రించుచుండును. “నేను వినేది అప్పుడే మావయ్యా, పగలు తీరికెక్కడిది?” అని వాడనెను.

చెవులు మూసికొని త్రోవన నడచు యువతరముపై నేను సాగించిన దండయాత్రలు పాఠకులకు కంఠస్థములు. అయినను మావానికి నేను కొనిపించినది తీగతో కూడి, చెవిని పూర్తిగా కప్పు హెడ్‌ఫోను. మూడువేల రూపాయల హెడ్‌ఫోను పలుకు మంద్రమును ఆ సొమ్మునకు వచ్చు ఏ పెట్టెయు ఆ గదిలో పలుకజాలదు. చెవికిని పొరకును నడుమనున్న గాలి గుక్కెడు, దానిని కదలించుటకు గొప్ప బలమక్కరలేదు, గది జోక్యము అసలే లేదు. దుకాణములోనే దానిని తగిలించుకొని ఒక వాయులీన కచేరీ వింటిని: తొప్పిపై అరచేయి జరుగునప్పుడు నాదము వంగుట, ఇంటిలోని పెద్ద పెట్టెలలో నేనెన్నడును విననిది, స్పష్టముగా వినవచ్చినది. లోపమును చెప్పవలెను: విద్వాంసుడు ఎదుట కూర్చుండడు, తలలోనే కూర్చుండును; ప్రక్కవానికి పాలు పెట్టుటకు వీలులేదు. వాడు స్పీకర్లకని తెచ్చిన ఐదువేలలో మిగిలిన రెండువేలను, మా అక్క తెనాలి నుండి వచ్చినప్పుడు ఇద్దరు కలిసి వినుటకై, వూఫరు లేని రెండు చిన్న పెట్టెలకు వాడుకొమ్మంటిని, వాడింకను తేల్చలేదు.

“మీరునా?” అని ఉత్తరములు వ్రాయబోవు మిత్రులు వ్రాయుదురుగాక. కొనువారికి మాత్రము రెండు మాటలు. ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దవారికి చెప్పిన హద్దు వారమునకు 40 గంటలు, 80 డెసిబెల్లు; మెట్రోరైలు రొదను జయింపవలెనని గుండీ త్రిప్పువాడు దానిని ఎప్పుడో దాటియుండును. రెండవది, చెవిమెత్తలును తీగయు ఊడదీసి మార్చుకొనుటకు వీలగునవేనా అని అడుగుడు; మన ఎండలకు, చెమటకు ఆ రెక్సిను తొందరగనే పొలుసులై రాలును, తీగ మొదట తెగునది జేబువద్దనే.