నిద్రపోయిన ఫోన్‌నే పరీక్షించాలి

అలారం మోగలేదని ఎవరైనా ఫోన్ తెచ్చి చేతికిస్తే చాలామంది మొదట చేసే పని ఒకటుంది. అప్పటి టైము చూసి, దానికి ఒక్క నిమిషం కలిపి అలారం పెడతారు. నిమిషం కాగానే అది మోగుతుంది. ‘బాగానే ఉందిగా, నువ్వే నిద్రమత్తులో ఆపేసుంటావు’ అని తీర్పు చెప్పి ఫోన్ తిరిగిచ్చేస్తారు. ఈ తీర్పు చాలాసార్లు అన్యాయం. ఆ నిమిషంసేపూ ఫోన్ మెలకువగానే ఉంది. తెర వెలుగుతోంది, చేతిలో అటూ ఇటూ కదులుతోంది. తెల్లవారుజామున నాలుగింటికి మంచం పక్క బల్ల మీద గంటల తరబడి కదలకుండా పడున్న ఫోన్ పరిస్థితి వేరు. చూడాల్సింది ఆ పరిస్థితిలో.

మా అపార్ట్‌మెంటులో ఎవరి ఫోన్ సెట్టింగు తేడా చేసినా నా దగ్గరికి పట్టుకురావడం కొన్నేళ్లుగా అలవాటు. వాటన్నిటిలో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టేది అలారం మీద. ఫొటోలు కనిపించకపోతే రేపు వెతుక్కోవచ్చు, యాప్ తెరుచుకోకపోతే ఇంకోటి వేసుకోవచ్చు. అలారం మోగని పొద్దు మాత్రం మళ్లీ రాదు. నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపని పరీక్షకు వెళ్లాల్సిన పిల్లలుంటారు. పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకోవాల్సినవాళ్లు, రంజాన్ నెలలో సహరీకి లేవాల్సినవాళ్లు, మొదటి షిఫ్టుకి బయల్దేరాల్సినవాళ్లు ఉంటారు. వీళ్లంతా రాత్రి ఆ ఫోన్‌ని నమ్మి కళ్లు మూసుకుంటున్నారు.

కింది వాటాలో ఉండే ఆమె బస్సు కండక్టరు. ఫస్ట్ సర్వీసు డ్యూటీ పడితే నాలుగున్నరకల్లా డిపోలో ఉండాలి. ‘అన్నయ్యా, ఒకరోజు మోగుతుంది, ఒకరోజు మోగదు. దీన్ని నమ్ముకుని ఎట్లా పడుకునేది?’ అంటూ వచ్చింది. నేను ఫోన్ అందుకోలేదు, ముందు కూర్చోమన్నాను. ఇలాంటప్పుడు ఫోన్ కన్నా మనిషి చెప్పేది ముఖ్యం.

‘మోగనిరోజు ఎలా లేచారమ్మా?’

‘పాలబ్బాయి బెల్లు కొడితే లేచా. టైమెంతయిందో చూద్దామని ఫోన్ ముట్టుకున్నానో లేదో, అప్పుడు మొదలెట్టింది సుప్రభాతం!’

‘ఆ రాత్రి ఫోన్ ఛార్జింగ్‌లో ఉందా?’

ఆమె కాస్త ఆలోచించింది. ‘లేదన్నయ్యా. మంచం దగ్గర ఒకటే ప్లగ్గు. ఆ రోజు మా వాడు వాడి ఫోన్ పెట్టుకున్నాడు.’

జబ్బేమిటో ఈ రెండు జవాబుల్లోనే ఉంది. ఛార్జింగ్‌లో ఉన్న రాత్రి మోగుతోంది, లేని రాత్రి మోగడం లేదు. పైగా ముట్టుకోగానే మోగిందంటే అలారం పోలేదు, ఎక్కడో ఆగింది.

ఆండ్రాయిడ్‌లో డోజ్ అనే ఏర్పాటు ఉంది. 2015లో ఆరో వెర్షన్‌తో వచ్చింది. ఛార్జర్ తీసేసి, తెర ఆరిపోయి, ఫోన్ కదలకుండా కొంతసేపు పడుంటే బ్యాటరీ ఆదా కోసం అది గాఢనిద్రలోకి జారుకుంటుంది. యాప్‌లు చేయాల్సిన పనులన్నీ పక్కన పెట్టి, అప్పుడప్పుడూ కాసేపు లేచి వాటిని చక్కబెట్టి మళ్లీ పడుకుంటుంది. మామూలు పద్ధతిలో నమోదైన అలారం కూడా ఈ పక్కన పెట్టిన పనుల్లో చేరిపోతుంది. మనిషి ఫోన్ తీసి తెర వెలిగించగానే ఫోన్ మేలుకుంటుంది, ఆగిన అలారం అప్పుడు బయటికొస్తుంది. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌కి ఈ నిద్ర లేదు. అందుకే ఆమెకి ఒకరోజు మోగి ఒకరోజు మోగకపోవడం. ఆమె మతిమరుపూ మత్తునిద్రా దీనికి కారణం కాదు. ఆ మాట ఆమెకి స్పష్టంగా చెప్పాను. అప్పటిదాకా ఇంట్లో అందరూ తప్పు ఆమెదే అంటున్నారు మరి.

అలారం గడియారాలకు ఆండ్రాయిడ్ ప్రత్యేక దారి ఇచ్చింది. యాప్ తయారుచేసినవాళ్లు ఆ దారిలో అలారం నమోదు చేస్తే, టైముకి కాస్త ముందే ఫోన్ డోజ్ నుంచి బయటపడి సిద్ధంగా ఉంటుంది. ఫోన్‌తోపాటు వచ్చే గడియారం యాప్ సాధారణంగా ఆ దారిలోనే వెళుతుంది. కండక్టరమ్మ వాడుతున్నది అది కాదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో సుప్రభాతం వినిపిస్తుందని ఎవరో చెబితే వేసుకున్న వేరే యాప్. అలారం పెట్టాక తెర పైభాగాన చిన్న గడియారం గుర్తు కనిపించాలి, ఆ యాప్‌లో పెడితే కనిపించలేదు. ఫోన్ సొంత గడియారంలో పెడితే కనిపించింది. ఆ గుర్తొక్కటే చాలని చెప్పను, కొన్ని ఫోన్లలో దాన్ని దాచే వీలుంది. కానీ నేను మొదట చూసేది దాన్నే.

దీనికి తోడు కొన్ని కంపెనీలు బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని చెప్పుకోవడం కోసం డోజ్‌ని మించిన కట్టడి పెడుతున్నాయి. ఈమధ్య తెరిచిన యాప్‌ల వరసలోంచి ఒకదాన్ని పైకి తోసేస్తే దాన్ని పూర్తిగా చంపేస్తున్నాయి. దాంతో అది పెట్టుకున్న అలారాలూ పోతాయి. ఫోన్ శుభ్రంగా ఉంచుకుందామని రాత్రి పడుకునేముందు అన్నీ తోసేసేవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్ల తప్పేమీ లేదు. మేలుకొలిపే పనికి పెట్టుకున్న యాప్‌ని యజమానికి ఒక్క మాటైనా చెప్పకుండా ఆపేయడం కంపెనీల తప్పు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఆమె యాప్‌కి బ్యాటరీ సెట్టింగులో ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టాను. ఆండ్రాయిడ్ 12 నుంచి ‘అలారమ్స్ అండ్ రిమైండర్స్’ అనే అనుమతి వేరుగా ఉంటోంది, అది ఇచ్చి ఉందో లేదో చూశాను. అయినా మనసొప్పలేదు. చివరికి సుప్రభాతం పాట ఫైలుని ఫోన్ సొంత గడియారానికి అలారం టోనుగా పెట్టాం. ఆమెకి కావాల్సింది ఆ గొంతే కానీ ఆ యాప్ కాదు. తర్వాత అసలు పరీక్ష: డ్యూటీ లేని రోజు ముందు రాత్రి, ఛార్జర్ తీసేసి, ఫోన్ బల్ల మీద కదలకుండా పెట్టి, నాలుగింటికి అలారం. మోగింది.

అందరి ఫోన్ జబ్బూ ఇదే అనుకోవద్దు. అసలు మోగకపోవడం వేరు, మోగినా వినపడకపోవడం వేరు. చాలా గడియారం యాప్‌లు ఎవరూ ఆపని అలారాన్ని కొంతసేపటికి తామే ఆపి, ‘మిస్డ్ అలారం’ అని ఒక నోటిఫికేషన్ వదులుతాయి. అది కనిపిస్తే ఫోన్ తన పని చేసినట్టే, ఇక శబ్దం సంగతి చూడాలి. అలారం వాల్యూమ్, రింగు వాల్యూమ్, పాటల వాల్యూమ్ ఆండ్రాయిడ్‌లో దేనికది వేరు. 2018లో వచ్చిన తొమ్మిదో వెర్షన్ నుంచి పక్కనున్న బటన్ నొక్కితే మామూలుగా మారేది పాటలది. బటన్ పైదాకా నొక్కి నిశ్చింతగా పడుకుంటే అలారం వాల్యూమ్ అడుగునే ఉండిపోవచ్చు. ‘డు నాట్ డిస్టర్బ్’లో అలారాలను కూడా ఆపే ఎంపిక ఉంటుంది, అదీ చూడాలి. ఐఫోన్‌లో సైలెంట్ పెట్టినా అలారం మోగుతుంది కానీ దాని శబ్దం రింగర్ వాల్యూమ్‌ని బట్టే ఉంటుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పెట్టుకున్న అలారం శనివారం మోగదు. ఇంత చిన్న సంగతి కూడా అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇంకో చిక్కు రాత్రిపూట అప్‌డేట్లతో వస్తుంది. అర్ధరాత్రి అప్‌డేట్ వేసుకుని ఫోన్ తనంతట తానే రీస్టార్ట్ అయితే, అప్పటిదాకా నమోదైన అలారాలన్నీ చెరిగిపోతాయి. ఫోన్ లేవగానే గడియారం యాప్ వాటిని మళ్లీ నమోదు చేసుకోవాలి. కానీ ఎవరూ పిన్ కొట్టి లాక్ తీయకముందు చాలా యాప్‌లకు పనిచేసే వీలుండదు. 2016లో ఏడో వెర్షన్‌తో దీనికి కూడా ఒక ఏర్పాటు చేశారు, లాక్ తీయకుండానే అలారం యాప్ పనిచేసేలా. దాన్ని వాడుకోవడం మాత్రం యాప్ రాసినవాళ్ల చేతిలో ఉంది. పెళ్లి ముహూర్తమో, విమానమో ఉన్న రాత్రి ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపి పడుకోమని నేను చెప్పేది ఇందుకే.

పెద్ద కంపెనీల సొంత గడియారాలు కూడా ఎప్పుడూ తప్పు చేయలేదని కాదు. 2011 జనవరి 1, 2 తేదీల్లో ఒక్కసారికని పెట్టుకున్న అలారాలు ఐఫోన్లలో మోగలేదు. మూడో తేదీ నుంచి వాటంతట అవే సర్దుకుంటాయని ఆపిల్ చెప్పింది. ఇటు చూస్తే మనందరి చేతుల్లో తిరిగిన పాత నోకియా ఫోన్ స్విచాఫ్ చేసి పెట్టినా టైముకి మోగేది. ఇప్పటి స్మార్ట్‌ఫోన్లలో ఎక్కువ శాతం అలా మోగవు, ఐఫోన్ కూడా మోగదు. బ్యాటరీ అయిపోతే అలారం లేనట్టే. తప్పిపోతే తీరని నష్టం ఉన్న రోజున పక్కన ఒక టైంపీసు కూడా పెట్టుకోమని అందుకే చెబుతాను. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కొడుకులు, కూతుళ్లు తాము వాడిన ఫోన్ అమ్మకో నాన్నకో ఇచ్చి వెళుతుంటారు. ఇచ్చేముందు పాటలు, ఫొటోలు అన్నీ సర్దిపెడతారు. వాళ్లకి ఒక మాట. ఒక్క రాత్రి మీ దగ్గరే ఆ ఫోన్‌కి అలారం పెట్టి, ఛార్జర్ తీసేసి, ముట్టుకోకుండా వదిలేయండి. మరునాడు ఏ పనీ లేని రాత్రి చూసుకుని ఈ పరీక్ష చేయండి. పొద్దున అది తనంతట తాను మోగిందని మీ చెవులతో విన్నాకే వాళ్ల చేతికివ్వండి.