ఎదుర్కోలుకు వెళ్లినవాళ్లు

మగపెళ్లివారు ఊరి పొలిమేరకు చేరారని కబురు రాగానే ఆడపెళ్లివారు మేళతాళాలతో, పానకం బిందెలతో ఎదురువెళ్తారు. వెళ్లినవాళ్లు అటునుంచి అటే మగపెళ్లివారి ఊరికి పోరు. పెళ్లికొడుకును వెంటబెట్టుకుని తమ ఊళ్లోకే తిరిగొస్తారు. సంఘం ఎత్తబడేది ఏడేండ్ల శ్రమకాలానికి ముందా, తర్వాతా అన్న వాదంలో ఇరుపక్షాలూ తెరిచే వచనం మొదటి థెస్సలొనీకయులకు 4:17. అందులో మన అనువాదకులు వాడిన క్రియ ఈ ఎదుర్కోలుదే. చదివేవాళ్ల చూపంతా కొనిపోబడటం మీదే ఉంటుంది. ఎందుకు కొనిపోబడతారో చెప్పే ‘ఎదుర్కొనుట’ దగ్గర ఆగేవాళ్లు తక్కువ. గ్రీకులో ఆ మాట ‘అపాంతేసిస్’. మత్తయి 25లో కన్యకలు పెండ్లికుమారుడికి ఎదురువెళ్లినప్పుడూ, అపొస్తలుల కార్యములు 28లో రోమా సహోదరులు పౌలు కోసం అప్పీయా సంతపేట దాకా వచ్చినప్పుడూ ఇదే మాట. రెండుచోట్లా ప్రయాణం వచ్చేవాడు పోయే దిక్కుకే సాగింది.

ఒక్క మాట మీద ఇంత బరువు మోపొచ్చా అంటే, మోపకూడదు. పాత నిబంధన గ్రీకు అనువాదంలో యుద్ధానికి ఎదురుపోవడానికీ ఇదే మాట వాడారు. తెలుగులో మాత్రం? పెళ్లికొడుకునూ ఎదుర్కొంటాం, శత్రువునూ ఎదుర్కొంటాం. అందుకే చుట్టూ ఉన్న వాక్యాలు చూడాలి. ఆర్భాటం, ప్రధానదూత శబ్దం, దేవుని బూర ఉన్నాయక్కడ. ఇన్ని చప్పుళ్ల మధ్య, శ్రమలకు ముందే అనేవాళ్లు చెప్పే రహస్య రాకడ ఎలా ఇమిడిందో నాకు అంతుపట్టదు. అంతకన్నా గట్టి ఆధారం రెండో పత్రిక 2వ అధ్యాయం. ప్రభువు దినం వచ్చేసిందన్న మాట విని థెస్సలొనీక విశ్వాసులు కలవరపడ్డారు. శ్రమలకు ముందే ఎత్తబడతారన్నది పౌలు బోధే అయితే, ‘మీరింకా ఇక్కడే ఉన్నారు కదా, ఆ దినం ఎలా వచ్చినట్టు?’ అని ఒక్క మాటతో తేల్చేవాడు. ఆయన అలా అనలేదు. ముందు భ్రష్టత్వం రావాలి, పాపపురుషుడు బయలుపడాలి అని గుర్తులు చెప్పాడు.

శ్రమలకు ముందే అనేవాళ్లు బదులుగా చూపేది ప్రకటన 3:10. లోకమంతటి మీదికి రాబోయే శోధన కాలం నుంచి ఫిలదెల్ఫియ సంఘాన్ని కాపాడతానన్న వాగ్దానం అది. ‘నుంచి’ అంటే బయటకు తీసుకుపోవడమేగా అని వాళ్ల ప్రశ్న. సబబైన ప్రశ్నే. కానీ ఆ గ్రీకు పదబంధమే యోహాను 17:15లోనూ ఉంది. శిష్యులను లోకంలోనుంచి తీసుకుపొమ్మని అడగడం లేదని తేల్చి చెప్పి, దుష్టుని నుండి కాపాడమని యేసు ప్రార్థిస్తాడక్కడ. మన తెలుగు బైబిలైతే ప్రకటనలో ‘కాలములో’ అనే పెట్టింది. ఆ చిన్న ‘లో’ వెనక ఎంత వాదం ఉందో!

శ్రమలకు ముందే ఎత్తబడతామన్న ఈ బోధ 1830లలో జాన్ నెల్సన్ డార్బీతో ఊపందుకుందని, 1909 నాటి స్కోఫీల్డ్ బైబిలు నోట్లతో ఇంటింటికీ చేరిందని ఎత్తిచూపి కొట్టిపారేయడం నాకు నచ్చదు. కొత్తదైనంత మాత్రాన తప్పు కాదు. అయితే వచనం కిందే అచ్చయిన నోటు కొన్నాళ్లకు వచనంలాగే వినిపిస్తుందన్నది నిజం.

ముందు గుర్తులు రావాలంటే మెలకువగా ఉండమన్న మాటకు అర్థమేముంది అన్నది మరో ఆక్షేపణ. మొదటి పత్రిక 5వ అధ్యాయం ప్రకారం ఆ దినం దొంగలా వచ్చేది చీకట్లో ఉన్నవాళ్ల మీదికి. వెలుగులో ఉన్నవాళ్లకు గుర్తులు కనబడటం మెలకువకు అడ్డేమీ కాదు. పైగా, కాలాల గురించి మీకు రాయనక్కర్లేదని పౌలు ఆ అధ్యాయం మొదట్లోనే అనేశాడు. 4వ అధ్యాయం రాసింది, చనిపోయిన తమవాళ్లు ఆ ఎదుర్కోలుకు దూరమవుతారేమోనని దుఃఖిస్తున్నవాళ్ల కోసం. మన సమాధుల దగ్గర పాస్టర్లు ఈ భాగం చదివేటప్పుడు ఎవరూ ముందా, తర్వాతా అని అడగరు.