వాంగ్ జెన్ పుట్టగొడుగుల ప్రకరణం – ఒక పరిశీలన

చీనా దేశంలో 1313వ సంవత్సరంలో వాంగ్ జెన్ అనే అధికారి వ్యవసాయాన్ని గురించి ఒక పెద్ద గ్రంథం వ్రాసినాడు. అప్పుడు ఆ దేశం మంగోలుల యువాన్ వంశం ఏలుబడిలో ఉన్నది. పనిముట్లు, నీటిచక్రాలు, పైరులు మొదలైన విషయాలెన్నో అందులో బొమ్మలతో సహా వివరింపబడినవి. ఆ గ్రంథంలో పుట్టగొడుగులను గురించిన ప్రకరణం చాల చిన్నది. కాని నేడు షీటాకె అనే జపాను పేరుతో ప్రసిద్ధి కెక్కిన పుట్టగొడుగు సేద్యానికి అది మిక్కిలి పాత ఆధారాలలో ఒకటి. దానికి పూర్వం 1209లో జజియాంగ్ ప్రాంతపు లుంగ్‌ఛ్యువాన్ చరిత్రలో ఇటువంటి వర్ణనే మరొకటి ఉన్నది.

ఈ ప్రకరణాన్ని పురాతన వింతగా మెచ్చుకొని ఊరుకొనేవారు కొందరు. నేటి విజ్ఞానమంతా అందులోనే ఉన్నదని చెప్పేవారు మరికొందరు. ఈ రెండూ సరియైన పఠనాలు కావు. అందులోని ప్రతి అంశాన్నీ నేటి శాస్త్రంతో పోల్చి చూస్తేనే దాని గొప్పతనమూ, కొరతా తెలుస్తవి.

వాంగ్ జెన్ చెప్పిన విధానం ఇది. నీడగల చోటు చూసుకోవాలి. మేపుల్, కాగితపు మల్బరీ, చెస్ట్‌నట్‌కు దగ్గరి జాతి చెట్టు వంటి తగిన చెట్లను నరికి, మానుమీద గొడ్డలితో గంట్లు పెట్టి, మన్ను కప్పాలి. ఏళ్ళు గడచి మాను పుచ్చిన తరువాత పుట్టగొడుగులను ముక్కలుగా తరిగి ఆ గంట్లలో సమంగా చల్లి, ఆకులూ మన్నూ కప్పి, బియ్యపు కడుగు పోస్తూ ఉండాలి. కొంతకాలానికి మానును సుత్తితో కొట్టాలి. దీనికి పుట్టగొడుగులను ఉలికిపాటు పరచటం అని పేరు. వానలు, మంచు వెలసి వాతావరణం వెచ్చబడగానే పుట్టగొడుగులు లేస్తవి.

ఇందులో మొదట మెచ్చుకోదగినది చెట్ల ఎంపిక. షీటాకె అంటే షీ చెట్టు మీది పుట్టగొడుగు అని అర్థం. ఆ షీ చెట్టూ, వాంగ్ జెన్ పేర్కొన్న మూడవ చెట్టూ కాస్టనాప్సిస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. లెంటిన్యులా ఎడోడెస్ అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ శిలీంధ్రం కొయ్యలోని లిగ్నిన్‌ను, సెల్యులోజును జీర్ణం చేసుకొని బ్రతుకుతుంది. కావున మానే దానికి పొలమూ, ఆహారమూ కూడ. పైకి కనిపించే గొడుగు పండువంటిది మాత్రమే. అసలు శరీరం కొయ్యలోపల అల్లుకొన్న సన్నని తంతువుల జాలం.

రెండవది, తరిగిన పుట్టగొడుగులను గంట్లలో వేయటం. విత్తనం కంటికి కనబడకపోయినా, పుట్టగొడుగు నుండే పుట్టగొడుగు వస్తుందని కొండప్రజలు గ్రహించినారు. కోత తరువాత మానులో విత్తు మిగిలి ఉండి మరుసటి ఏడు తిరిగి మొలుస్తుందని కూడ గ్రంథకర్త వ్రాసినాడు. ఐరోపాలో ఈ సంగతిని ఇటలీ దేశస్థుడైన మికెలి, శిలీంధ్రాల సిద్ధబీజాలను పుచ్చకాయ ముక్కలపై నాటి, 1729లో ప్రకటించినాడు. అయితే మానులో మిగిలేది విత్తనం కాదు, సజీవమైన తంతుజాలం. కొయ్యలోని ఆహారం తీరేవరకు అది కాపు ఇస్తూనే ఉంటుంది.

ఇక లోపాలు. మాను పుచ్చేవరకు ఆగమనటం పెద్ద పొరపాటు. పుచ్చిన కొయ్యలో అప్పటికే ఇతర శిలీంధ్రాలు చోటు చేసుకొని ఉంటవి. ఆలస్యంగా వచ్చిన షీటాకెకు స్థలం దొరకదు. నేటి సాగుదారులు చలికాలంలో నరికిన, సుమారు ఒక మీటరు పొడవూ 10 నుండి 15 సెంటీమీటర్ల లావూ గల దుంగలకు కొద్ది వారాలలోనే రంధ్రాలు తొలిచి, తంతుజాలం పట్టిన కొయ్యబిరడాలను దిగగొట్టి, మైనంతో మూస్తారు. జపానులో మోరి కిసాకు 1940ల తొలిభాగంలో రూపొందించిన ఈ కొయ్యబిరడాల పద్ధతి సేద్యాన్ని అదృష్టం చేతినుండి తప్పించినది. దుంగలను నేలకు తగలకుండా నిలబెడతారు. 6 నుండి 18 నెలలకు కాపు మొదలై, మూడు నాలుగేళ్ళు సాగుతుంది. రంపపు పొట్టులో తవుడు కలిపి, ఆవిరితో శుద్ధిచేసిన సంచులలో పెంచితే కొద్ది నెలలే చాలు. బియ్యపు కడుగులోని పోషకాలు ఆ తవుడులో ఉన్నవే. కాని శుద్ధి చేయని మానుపై పోస్తే అవి బూజునూ పోషిస్తవి.

రాత్రికి రాత్రి పుట్టగొడుగుల్లా వచ్చినవనే తెలుగు నానుడి ఈ లెక్క ముందు నిలువదు. రాత్రికి రాత్రి పైకి వచ్చేది గొడుగు. దాని వెనుక నెలల తరబడి కనబడని శ్రమ ఉన్నది.

సుత్తి దెబ్బ సంగతి వినటానికి మూఢనమ్మకంలా తోస్తుంది. కాని దుంగలను చల్లని నీటిలో నానబెట్టి, కదిపి, తట్టటం నేటికీ ఉన్న ఆచారమే. జపానులోని ఇవాటె విశ్వవిద్యాలయంలో అధిక వోల్టేజి విద్యుత్తును క్షణకాలం ప్రసరింపజేసి దుంగల కాపు పెంచగలిగినారు. ఉరిమితే పుట్టగొడుగులు లేస్తవని తెలుగు పల్లెలలోనూ వినిపించే మాటకు ఈ ప్రయోగం నేరుగా రుజువు కాదు. పల్లెలలో పుట్టలమీద లేచేవి చెదపురుగులు పెంచే వేరు జాతులు. అయినా ఒక ఆచారాన్ని పరీక్షించకముందే త్రోసిపుచ్చరాదని అది హెచ్చరిస్తున్నది.

వంటను గురించి గ్రంథకర్త చెప్పినది రెండు ముక్కలే. పచ్చివి వెంటనే ఉడికించి తింటే సువాసనా రుచీ కలవి. ఎండబెట్టినవి నిలువ ఉంటవి. ఈ రెండు ముక్కలూ సరియైనవే. పచ్చిగాను, సరిగా ఉడకకుండాను తిన్నవారిలో కొందరికి కొరడాతో కొట్టినట్లు ఒంటిమీద చారలు తేలి దురద పుడుతుంది. ఇది 1977లో జపానులో వైద్యుల దృష్టికి వచ్చినది. ఎండుగొడుగులను నానబెట్టినపుడు వచ్చే ప్రత్యేక వాసన గంధకం గల లెంథియొనైన్ అనే పదార్థానిది. వాటిని ఉడికించేటపుడు పెరిగే గ్వానిలేట్ రుచికి మూలం. ఎండలో పెట్టితే అందులోని ఎర్గోస్టెరాల్ కొంత డి విటమినుగా మారుతుంది. వేడిగాలి యంత్రంలో ఆరినవాటికి ఈ లాభం లేదు.

ఆరోగ్యం విషయంలో వాంగ్ జెన్ ఏ ప్రగల్భమూ పలుకలేదు. నేటి ప్రచారకులకు ఆ నిగ్రహం కొరవడినది. షీటాకె పుట్టకురుపును (కాన్సరును) మాన్పుతుందనే మాటకు మూలం 1969లో గోరో చిహారా బృందం చుంచులపై చేసిన ప్రయోగాలు. వారు వాడినది పుట్టగొడుగు నుండి వేరుచేసిన లెంటినాన్ అనే పదార్థం. జపాను 1985లో దానిని జీర్ణకోశపు కాన్సరు చికిత్సలో ఇతర మందులకు తోడుగా, సూదిమందుగా అనుమతించినది. కూరలో తిన్న పుట్టగొడుగు సూదిమందు కాదు. ఎరిటడెనిన్ ఎలుకల నెత్తుటిలో కొలెస్టెరాల్‌ను తగ్గించినది. మనుష్యుల విషయంలో అంతటి రుజువు లేదు. మాంసానికి సాటి అనేమాట కూడ అంతే. 100 గ్రాముల పచ్చి షీటాకెలో మాంసకృత్తులు రెండు గ్రాములకు కాస్త ఎక్కువ. అంతే తూకం కందిపప్పులో సుమారు 22 గ్రాములు. రుచికరమైన, పీచుగల, కొవ్వు తక్కువైన కూరగాయ అని చెప్పితే సత్యం.

ప్రకరణం చివర గ్రంథకర్త ఒక మాట అన్నాడు: కొండలోయల ప్రజలకు దున్నకమే బదులుగా దైవమే ఈ లాభాన్ని మొలిపించి ఇచ్చినదని. ఈ వాక్యం ముందున్న వాక్యాలకు పొసగదు. చెట్టును ఎన్నుకొన్నదీ, గంట్లు పెట్టినదీ, ముక్కలు చల్లి ఏళ్ళు కాచుకొన్నదీ మనుష్యులే. వారి పరిశీలనను ఇంత శ్రద్ధగా నమోదు చేసిన కలం ఫలితాన్ని మాత్రం దైవానికి ముట్టచెప్పినది. ఆ ప్రజల సంతతివారు నేటికీ జజియాంగ్‌లోని చింగ్‌యువాన్ అడవులలో ఈ సేద్యం చేస్తున్నారు; 2022లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దానిని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించినది.

ఉపాధ్యాయులు ఈ ప్రకరణాన్ని తరగతిలో వినియోగించదలిస్తే సులభమైన ప్రయోగం ఒకటి ఉన్నది. అంగడిలో కొన్న, బాగా విచ్చిన షీటాకె గొడుగును తొడిమ కోసి, రెక్కలు క్రిందికి వచ్చేటట్లు నల్లకాగితం మీద పెట్టి, గాజుగ్లాసు బోర్లించి రాత్రి అలాగే వదలాలి. తెల్లవారేసరికి కాగితం మీద తెల్లని గీతల అచ్చు పడి ఉంటుంది. వాంగ్ జెన్ విత్తు అని పేరు పెట్టి కూడ చూడలేకపోయినది ఆ పొడిలోనే ఉన్నది.