నిలబడి చెప్పిన గొంతు

రేసుకు కామెంటరీ చెప్పడం క్రికెట్‌కు చెప్పడం కన్నా కష్టం. క్రికెట్‌లో బంతికీ బంతికీ నడుమ ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఫార్ములా వన్‌లో ఇరవై నుంచి ఇరవై ఆరు కార్లు ట్రాకంతా చెదిరి పరిగెడుతుంటాయి, తెరమీద కనిపించేవి రెండో మూడో. కారులో ఉన్నదెవరో హెల్మెట్ రంగును బట్టి పోల్చుకోవాలి. ఈ విద్యలో బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసిన గొంతు ముర్రే వాకర్‌ది.

1923లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన వాకర్‌కు రేసుల పిచ్చి తండ్రి నుంచే వచ్చింది. గ్రాహం వాకర్ పేరున్న మోటార్‌సైకిల్ రేసర్, తర్వాత బీబీసీ కామెంటేటర్. కొడుకు రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేసి వచ్చి, 1949లో సిల్వర్‌స్టోన్‌లో బ్రిటిష్ గ్రాండ్ ప్రికి రేడియోలో కామెంటరీ చెప్పారు. 1962లో గ్రాహం చనిపోయేదాకా మోటార్‌సైకిల్ రేసులకు తండ్రీకొడుకులు కలిసే మైకు పట్టారు.

ఆయన ఉద్యోగం మాత్రం ప్రకటనల రంగంలో. వారమంతా ఆఫీసు, సెలవు రోజుల్లో ట్రాకు. 1978 నుంచి బీబీసీ టీవీలో సీజన్ పొడవునా ఫార్ములా వన్ చెబుతూ కూడా, 1982 దాకా ఆ కొలువు వదల్లేదు. రేసుకు ముందు గ్యారేజీలు తిరిగి డ్రైవర్లతో, మెకానిక్‌లతో మాట్లాడి సొంతంగా నోట్సు రాసుకునేవారు. రేసు మొదలయ్యాక కూర్చునేవారు కాదు.

1980లో పక్కకు వచ్చిన జేమ్స్ హంట్ ఆయనకు పూర్తిగా వ్యతిరేకం. 1976 ప్రపంచ చాంపియన్, ముక్కుసూటి మనిషి, హోంవర్క్ మీద పెద్దగా శ్రద్ధ లేనివాడు. ఇద్దరికీ ఒకే మైకు! వాకర్ ఉత్సాహం పొంగించేవారు, హంట్ లోపలి కిటుకు విప్పేవారు. మొదట్లో పొసగకపోయినా 1993లో హంట్ మరణించేదాకా ఆ జోడీ నిలిచింది.

ఆ వేగంలో వాకర్ నోరు జారడమూ మామూలే. ఫలానా కారు దూసుకుపోతోందని అనేలోపే అది ఆగిపోయేది. వెంటనే దిద్దుకునేవారు, అందుకే జనం ఆయన్ను మరింత ఇష్టపడ్డారు. 1986లో అడిలైడ్‌లో బ్రిటిష్ డ్రైవర్ మాన్సెల్ టైరు పేలి, చేతికందిన టైటిల్ జారిపోయినప్పుడు ఆ దిగ్భ్రాంతి అంతా వాకర్ కేకలోనే వినిపించింది. 1994 మే 1న ఇమోలాలో బ్రెజిల్ డ్రైవర్ సెన్నా కారు గోడను ఢీకొని మరణించిన రోజున కోట్ల మంది కళ్లముందు వాకర్ మాట్లాడుతూనే ఉండాల్సి వచ్చింది. 1996లో జపాన్‌లో బ్రిటిష్ డ్రైవర్ డేమన్ హిల్ చాంపియన్ అయినప్పుడు గొంతు పూడుకుపోతోందని చెప్పి కాసేపు ఆగిపోయారు. ప్రేక్షకుడి గుండెకూ తన గుండెకూ తేడా లేదని ఒప్పుకున్న కామెంటేటర్ ఆయన.

1997 నుంచి ఐటీవీ చానెల్‌లో మాజీ డ్రైవర్ మార్టిన్ బ్రండిల్‌తో కలిసి చెప్పి, 2001లో ఇండియానాపోలిస్ రేసుతో పూర్తికాల కామెంటరీకి వీడ్కోలు పలికారు. 2021 మార్చిలో, 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మన దగ్గర ఇప్పుడు క్రికెట్, కబడ్డీ తెలుగు కామెంటరీతోనే ఇళ్లలోకి వస్తున్నాయి. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ‘ఫార్ములా-ఈ’ విద్యుత్ రేసు కార్లు కూడా పరిగెత్తాయి. తెలుగులో మైకు పట్టాలనుకునే కుర్రాళ్లూ, వాకర్ పాత రేసులు ఒక్కసారి వినండి. కేకలకన్నా ముందు ఆయన పడ్డ శ్రమను నేర్చుకోండి.