ఏదీ, నాలుక చాపండి

సామర్లకోట స్టేషన్ బయట గోడకి ఈ వారం ఒక కరపత్రం అంటించారు. నాలుక చూసి, నాడి పట్టి చైనా పద్ధతిలో మందిస్తారట. పరీక్షలు అక్కర్లేదట. ఈ కాలమిస్టుకి ముందు సంతోషమే కలిగింది. డాక్టర్లు రోగి మొహం మానేసి కంప్యూటర్ని చూస్తున్నారన్న ఆయన పాత సణుగుడు పాఠకులకి కొత్త కాదు. రోగి చెయ్యి పట్టుకున్నవాడు ఎవరైనా సరే, ఆయన లెక్కలో సగం వైద్యుడే.

చైనా సంప్రదాయంలో చెయ్యి పట్టుకోవడం ఆఖరి మెట్టు. ముందు చూస్తారు: మొహం రంగు, నడక, నాలుక ఎరుపు, దాని మీది పాచి. గొంతు, దగ్గు వింటారు, వాసన పసిగడతారు. తర్వాత ప్రశ్నలు: చలేస్తోందా, చెమట పడుతోందా, దాహమా, నిద్ర ఎలా ఉంది? అప్పుడు రెండు మణికట్ల మీదా మూడేసి చోట్ల వేళ్ళు ఆనించి, తేలిగ్గా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూస్తారు. 1564 నాటి లీ షిజెన్ నాడీ గ్రంథం 27 రకాల నాడుల్ని చెబుతుంది. తేలేది, మునిగేది, జారేది, తీగలా బిగిసేది... ఇలా.

వీటితో తేల్చేది జబ్బు పేరు కాదు, దాని తీరు. లోపలిదా, పైపైదా? వేడిదా, చలవదా? అందుకే జలుబు ఒకటే అయినా మందు ఒకటి కాదు. చలితో వణికేవాడికి దాల్చిన రెమ్మల్లాంటి వేడి సరుకు, గొంతు మండేవాడికి చామంతి, పుదీనా. వేడి చేసిందని బొండం కొట్టించుకునే గోదావరి జిల్లాల వాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పాలా? కషాయంలో రాజు, మంత్రి, సహాయకుడు, దూత అని దినుసులకి కొలువు కూడా ఉంది. చాలాసార్లు ఆ దూత మన పచారీ కొట్టు అతిమధురానికి చుట్టమే.

నాడి మాటెత్తాం కాబట్టి, మన నాడీ పరీక్ష వేదకాలం నాటిదని గొప్పలు పోయేవాళ్ళకి ఒక చిన్న సంగతి. చరకుడు, సుశ్రుతుడు దాన్ని చెప్పలేదు. తర్వాతెప్పుడో శార్ఙ్గధర సంహితలో కనిపిస్తుంది. వాతనాడి పాములా, పిత్తనాడి కప్పలా, కఫనాడి హంసలా నడుస్తుందన్న వర్ణన అక్కడిదే.

అంతా బాగుంది. కానీ 'పరీక్షలు అక్కర్లేదు' అన్న ముక్క మాత్రం కాలమిస్టుకి మింగుడుపడలేదు. దానికి కారణమూ చైనా వైద్యమే.

వియత్నాం యుద్ధకాలంలో మలేరియా మందు కోసం చైనా ప్రభుత్వం 1967లో ఒక రహస్య పథకం పెట్టింది. 1969లో అందులో చేరిన తూ యూయూ అనే శాస్త్రవేత్త పాత గ్రంథాలు తిరగేసింది. చింగ్‌హావ్ అనే మొక్క కషాయం ఎలుకల మీద ఒకసారి పనిచేసేది, ఒకసారి చేసేది కాదు. నాలుగో శతాబ్దపు గె హాంగ్ పుస్తకంలో ఆమెకి దారి దొరికింది: ఆకు మరిగించమనలేదు, నీళ్ళలో నానబెట్టి పిండమన్నాడు. మరిగిస్తే గుణం పోతోందని ఊహించి ఆమె తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబరులో అది ఎలుకల్లో మలేరియాని పూర్తిగా అణిచింది. మరుసటేడు ఆ సారాన్ని ముందుగా ఆమె, ఆమె సహచరులు తామే మింగి చూసుకున్నారు. అందులో పనిచేసే పదార్థమే ఆర్టెమిసినిన్. 2015లో నోబెల్ వచ్చింది. వినాయక చవితి పత్రిలో మొదటిదైన మాచిపత్రిదీ ఈ మొక్క ప్రజాతే. అలాగని మాచిపత్రి నమిలితే మలేరియా తగ్గదు!

గ్రంథం ఆకుని చూపించింది, అది పనిచేస్తుందని తేల్చింది పరీక్ష. నాడి విషయంలో అలా తేలలేదు. ఒకే రోగి నాడిని వేర్వేరు వైద్యులకి చూపించిన అధ్యయనాల్లో వాళ్ళ మాటలు తరచూ కలవలేదు. రంపచోడవరం ఏజెన్సీలో జ్వరమొస్తే అది మలేరియానో కాదో రక్తం చుక్కతోనే తేలుతుంది. ఫాల్సిపారం రకం మలేరియా అయితే ఆర్టెమిసినిన్ కలిసిన మందు, వైవాక్స్ రకమైతే క్లోరోక్విన్, ప్రైమాక్విన్. అక్కడా జ్వరం ఒకటే, మందులు వేరు. కాకపోతే ఆ తేడా ఏ నాలుక మీదా కనబడదు.

డాక్టరుగారూ, మీరు కంప్యూటర్ వదిలి రోగిని నాలుగు ప్రశ్నలు అడగండి. జ్వరంతో ఉన్నవాళ్ళు మాత్రం నాలుక ఎవరికి చాపినా, ముందు ఆశా కార్యకర్తకి వేలు చాపి రక్తం చుక్క ఇవ్వండి.